అరచేతిలో సున్న

"ఈ సున్న ఎవరు వేశారు సారూ?"

ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి తల్లి నన్నీ ప్రశ్న అడిగి కొన్నేళ్ళయింది. ఆవిడ చేతిలో పిల్ల ప్రోగ్రెస్ కార్డు ఉంది. గణితంలో రెండవ ఫార్మేటివ్ పరీక్షకు ఎదురుగా 52 శాతం అని అచ్చయి ఉంది. ఆ తరగతికి గణితం చెప్పేది నేనే. నేను రోజూ చూసే పిల్లకూ ఆ అంకెకూ ఎక్కడా పొంతన లేదు. కంప్యూటరు తెరిచి చూస్తే విషయం తెలిసింది. పదేసి మార్కుల అంశాలు మూడింటిలోనూ ఆమెకు 9, 8, 9 వచ్చాయి. ఇరవై మార్కుల లఘుపరీక్ష రోజున ఆమె కామెర్లతో ఆసుపత్రిలో ఉంది. నేను ఆ గడిని ఖాళీగా వదిలిపెట్టాను. కార్డులో మాత్రం ఆ ఖాళీ సున్నగా మారింది. 30కి 26 వచ్చిన పిల్ల, అంటే 87 శాతం పిల్ల, 50కి 26 వచ్చిన పిల్ల అయిపోయింది.

ఆ సున్న నేను వేయలేదు. మరెవరూ వేయలేదు. అయినా బాధ్యుణ్ణి నేనే. అదెలాగో చెప్పడానికి ముందు మా బడి పని ఎలా నడుస్తుందో కొంత చెప్పాలి.

కంప్యూటరు తెలిసినవాడన్న పేరు ఒకసారి పడితే బడిలో ఇక విముక్తి ఉండదు. ఏటా జూన్ మొదటి వారంలో మార్కుల సాఫ్టువేరును కొత్త సంవత్సరానికి సిద్ధం చేసే పని నా నెత్తిన పడింది. ఆరు నుంచి పది దాకా ఐదు తరగతులు, తరగతికి మూడు సెక్షన్లు, సెక్షనుకు ఆరు సబ్జెక్టులు. అంటే 90 మార్కుల పుస్తకాలు. ఒక్కొక్క పుస్తకంలో నాలుగు ఫార్మేటివ్ పరీక్షలు, ఒక్కొక్కదానిలో నాలుగేసి అంశాలు, వాటిపైన రెండు సమ్మేటివ్ పరీక్షలు. అంటే 18 నిలువు వరుసలు. మొత్తం 1,620 వరుసలు. ఒక్కొక్క వరుసకు పేరు, గరిష్ఠ మార్కులు, తేదీ, మొత్తంలో దాని వాటా అని నాలుగు సంగతులు చెప్పాలి. ఏటా 6,480 సార్లు ఒకే పనిని చేతితో చేయడం ఎవరికైనా విసుగే. ఆ సంవత్సరం నాకొక ఉపాయం తోచింది. పాత సంవత్సరపు పుస్తకాల్లో చక్కగా నింపిన దాన్ని ఒకటి ఎన్నుకొని, దాన్ని నమూనాగా పెట్టి, మిగిలిన 89 పుస్తకాలకూ నకలు తీశాను. మూడు రోజుల పని నలభై నిమిషాల్లో ముగిసింది. తోటి ఉపాధ్యాయులు టీ ఇప్పించారు.

నేను ఎన్నుకున్నది ఒక ఇంగ్లీషు మాస్టారి పుస్తకం. ఆయన చాలా పద్ధతిగల మనిషి. హోంవర్కు ఎగ్గొట్టేవారిని దారికి తెచ్చేందుకు 'ఖాళీ గడిని సున్నగా లెక్కించు' అన్న చోట ఆయన ఒక టిక్కు పెట్టుకున్నారు. ఆయన తరగతికి ఆయన తీసుకున్న నిర్ణయం అది. ఎవరు జ్వరంతో రాలేదో, ఎవరు సినిమాకు పోయి రాలేదో ఆయనకు తెలుసు కాబట్టి, కార్డులు అచ్చయ్యే ముందు చేతితో సరిచేసేవారు. నా నకలు ఆయన టిక్కును మాత్రం తీసుకుపోయింది, ఆయన ఎరుకను తీసుకుపోలేదు. ఒక మనిషి చిన్న నిర్ణయం బడి మొత్తానికీ శాసనమైంది. శాసనం వచ్చినట్టు మాత్రం ఎవరికీ తెలియదు.

ఆనాటి నుంచి ఈ సున్న చరిత్ర మీద నాకు ఆసక్తి కలిగింది. వెనక్కి నడుస్తూ పోతే, అనుకోకుండా మన ప్రాంతపు వీధిబడి అరుగు మీదికే చేరాను.

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో రాజధానిలోని బడుల వివరాలు పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంబెల్ 1823 ఆగస్టులో సుదీర్ఘమైన జవాబు రాశాడు. 1816లో తెలుగు వ్యాకరణాన్ని అచ్చు వేయించిన కాంబెల్ ఇతనే. నేటి అనంతపురం ప్రాంతం కూడా అప్పట్లో బళ్ళారి జిల్లాలోదే. అతని లెక్కలో జిల్లా మొత్తం మీద 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. ఆ బడుల్లో 226 తెలుగు బడులు. ఈ లెక్కలతో పాటు బడి నడిచే తీరును కూడా అతడు వర్ణించాడు. పొద్దున అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవ చిహ్నంగా సరస్వతి పేరు రాసేవారట. రెండవవాడి అరచేతిలో సున్న చుట్టేవారట. మూడవవాడికి బెత్తంతో ఒక దెబ్బ, నాలుగవవాడికి రెండు, ఆ పైన వచ్చినవాడికల్లా ఒక్కొక్కటి ఎక్కువ.

ఆ సున్నకు కాంబెల్ చెప్పిన అర్థం దగ్గర నేను ఆగిపోయాను. ఆ పిల్లవాడు మెప్పుకూ పాత్రుడు కాదు, నిందకూ పాత్రుడు కాదు అని దాని భావం. సున్న అక్కడ శిక్ష కాదు, తీర్పు లేకపోవడం. చదువరులు పొరబడకూడదు, నేనా బడిని పొగడడం లేదు. చివర వచ్చినవాడి చేతి గతి తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది. పైగా ఇది చదువుకు వేసిన మార్కు కాదు, వచ్చిన వేళకు వేసిన గుర్తు. అయితే ఆ గుర్తు వేసినవాడు ఎదుటే ఉన్నాడు. ఎవరికి వేశాడో, ఎందుకు వేశాడో ఇద్దరికీ తెలుసు.

మార్కు అన్న మాటా, దాని వెంట వచ్చిన పట్టికా మనకు పడమటి నుంచి వచ్చాయి. అక్కడా మొదట అంకెలు లేవు. అమెరికాలోని యేల్ కళాశాల అధ్యక్షుడు ఎజ్రా స్టైల్స్ 1785లో తాను పరీక్షించిన 58 మంది విద్యార్థులను లాటిన్ పేర్లతో నాలుగు తరగతులు చేసి దినచర్యలో రాసుకున్నాడు. ఉత్తములు 20 మంది, రెండవ శ్రేణి ఉత్తములు 16 మంది, తక్కువవారు 12 మంది, మరీ తక్కువవారు 10 మంది. అందరినీ ఆయన ఎరుగును. అక్షరాల గ్రేడ్లు కూడా అమెరికాలోనే పుట్టాయి. 1897లో మౌంట్ హోల్యోక్ కళాశాల 95 నుంచి 100 దాకా ఏ, 85 నుంచి 94 దాకా బీ అంటూ మెట్లు కట్టింది. 75కు తక్కువైతే ఈ, అంటే తప్పినట్టు.

మనిషి ఎరుగని మనిషికి లెక్క చెప్పవలసి వచ్చినప్పుడు అంకె బలపడింది. ఇంగ్లండులో 1862 నాటి సవరించిన నిబంధనావళి దీనికి పెద్ద ఉదాహరణ. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లలను చదవడం, రాయడం, లెక్కలలో పరీక్షిస్తాడు. ఎందరు నెగ్గితే బడికి అంత గ్రాంటు. ఫలితాన్ని బట్టి చెల్లింపు అన్న ఈ పద్ధతి 1860లలోనే మద్రాసు రాజధానికీ దిగుమతి అయింది. ఆ పద్ధతిలో పరీక్ష నాడు రాని పిల్లవాడు ఎంత తెలిసినవాడైనా, ఆ ఫలితం తాలూకు రొక్కం రాదు. ఖజానా దృష్టిలో జబ్బుపడ్డవాడూ ఒకటే, తప్పినవాడూ ఒకటే. ఖాళీ గడి మొట్టమొదట సున్న అయింది డబ్బు లెక్కలోనేనని నాకనిపిస్తుంది.

అయినా ఉపాధ్యాయుడి చేతిలో మార్కుల రిజిష్టరు ఉన్నంతకాలం ఆ గడికి కొంత ఊపిరి ఉండేది. మా నాన్నగారు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులు. పరీక్షల తరువాతి ఆదివారం మా ఇంట్లో ఒక క్రతువు జరిగేది. నేను జవాబు పత్రాల మీది మార్కులు చదవాలి, ఆయన రిజిష్టరులో ఎక్కించాలి. "పదమూడు" అంటే "పదమూడు" అని మళ్ళీ పలికి రాసేవారు. అడ్డం మొత్తాలు వేసి, నిలువు మొత్తాలు వేసి, రెండూ మూలగడిలో కలిస్తేనే భోజనానికి లేచేవారు. ఏడాది మొదట్లో స్కేలూ పెన్సిలూ పట్టుకొని గళ్ళు గీసుకోవడం ఆయనకు రెండు సాయంత్రాల పని. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే సెటప్పు అదే. గీత గీస్తున్నప్పుడే ఈ వరుస ఎందుకు, దీనికి ఎన్ని మార్కులు అని ఆలోచించుకునేవారు. రానివాడి గడిలో ఎర్ర సిరాతో 'గై' అని రాసేవారు. మొత్తం వేసేటప్పుడు ఆ గడి దగ్గర చెయ్యి దానంతటదే ఆగేది. పక్కన రిమార్కుల వరుసలో 'అమ్మవారు పోసింది' అనో, 'తండ్రి పోయాడు' అనో నాలుగు అక్షరాలు ఉండేవి.

ఆ రిజిష్టరులో లోపాలు లేవని కాదు. కూడికల్లో తప్పులు దొర్లేవి. ఇష్టాయిష్టాలు దొంగచాటుగా చొరబడేవి. 1912లో అమెరికాలో స్టార్చ్, ఎలియట్ అనే ఇద్దరు పరిశోధకులు ఒకే ఇంగ్లీషు జవాబు పత్రాన్ని అనేకమంది ఉపాధ్యాయుల చేత దిద్దిస్తే మార్కులు ఒకదానికొకటి సంబంధం లేకుండా వచ్చాయి. మరుసటి ఏడు రేఖాగణితం పత్రంతో చేస్తే ఇంకా అన్యాయం. గణితం పంతులుగా నాకది నేటికీ సిగ్గుగానే ఉంటుంది. కాబట్టి యంత్రం రావాలని కోరుకున్నవారు దుర్మార్గులు కారు. ఆ కోరిక మొదట కలిగినవాళ్ళలో ఒకాయన బడిపంతులే.

ఆయన పేరు రేనాల్డ్ జాన్సన్. 1930లలో మిషిగన్ రాష్ట్రంలోని ఐరన్‌వుడ్ అనే ఊళ్ళో సైన్సు మాస్టారు. పెన్సిలు గీతలోని గ్రాఫైటు గుండా విద్యుత్తు ప్రవహిస్తుందన్న సంగతి ఆధారంగా, గుర్తించిన జవాబులను తనంత తానే లెక్కించే యంత్రాన్ని తయారు చేశాడు. 1934లో ఐబీఎం అతణ్ణి ఉద్యోగంలోకి తీసుకుంది. 1938లో ఆ యంత్రం ఐబీఎం 805 అన్న పేరుతో అమ్మకానికి వచ్చింది. ఒప్పులను ఒక వైపు, తప్పులను ఒక వైపు కొలిచి, కావాలంటే ఒప్పుల నుంచి తప్పులను తీసివేసి చూపేది. గీత పెట్టని ప్రశ్న ఆ రెండింటిలోనూ చేరదు. ఖాళీ వేరు, తప్పు వేరు అన్న వివేకం ఆ ఇనుపపెట్టెకు ఉండేది. అదే జాన్సన్ తరువాతి కాలంలో శాన్ హోసేలో ఐబీఎం ప్రయోగశాలకు నాయకుడై, 1956లో వెలువడిన మొట్టమొదటి కంప్యూటరు డిస్కు నిర్మాణాన్ని నడిపించాడు. లోకంలోని మార్కులన్నీ నేడు డిస్కుల మీద ఉన్నాయంటే, దాని వెనుక పేపర్లు దిద్దిన ఒక పంతులున్నాడు!

1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ విసికాల్క్‌ను విడుదల చేశారు. ఒక అంకె మార్చితే దాని మీద ఆధారపడిన మొత్తాలన్నీ వాటంతటవే మారే గళ్ళపుస్తకం అది. మా నాన్నగారి ఆదివారాలు ఆనాటితో చరిత్రలోకి పోవలసింది, మా ఊరికి ఆ వార్త చేరడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. అయితే ఈ గళ్ళపుస్తకాల్లో ఒక తిరకాసు ఉంది. ఎక్సెల్‌లో సగటు తీసే సూత్రం వాడితే ఖాళీ గడిని వదిలేసి మిగతావాటికే సగటు తీస్తుంది. అవే గళ్ళను ప్లస్ గుర్తుతో కూడి చేతితో భాగిస్తే అదే ఖాళీని సున్నగా తీసుకుంటుంది. ఇద్దరు ఉపాధ్యాయులు, ఒకే పిల్ల, ఒకే ఖాళీ, రెండు ఫలితాలు. ఇద్దరూ నిజాయితీపరులే.

డేటాబేసులు కట్టినవారు ఈ చిక్కును గుర్తించారు. శాన్ హోసేలోనే ఐబీఎం పరిశోధకుడైన ఇ.ఎఫ్. కాడ్ 1970లో పట్టికల నమూనాను ప్రతిపాదించాడు. తరువాతి పత్రాలలో, తెలియని విలువకు సున్న కాని, ఖాళీ అక్షరం కాని ఒక ప్రత్యేకమైన గుర్తు ఉండాలని వాదించాడు. నల్ అని ప్రోగ్రామర్లు తిట్టుకునేది దాన్నే. తెలియనిదాన్ని దేనితో కూడినా వచ్చేది తెలియనిదే అన్నది దాని న్యాయం. ఎంత గొప్ప వినయం! కానీ ప్రోగ్రెస్ కార్డు మీద 'తెలియదు' అని అచ్చు వేయడానికి ఏ హెడ్మాస్టరు ఒప్పుకుంటాడు? అందుచేత, తెలియనిదాన్ని ఏదో ఒక అంకెగా మార్చే మీట సాఫ్టువేరులో ఎక్కడో ఒకచోట ఉండవలసి వచ్చింది.

ఆ మీట రహస్యమేమీ కాదు. 2002లో మార్టిన్ డూగియామస్ మొదటి వెర్షను విడుదల చేసిన స్వేచ్ఛా సాఫ్టువేరు మూడుల్‌నే తీసుకోండి. దాని మార్కుల పుస్తకంలో ఖాళీ గ్రేడ్లను మినహాయించాలా అని అడిగే పెట్టె బాహాటంగానే ఉంది. టిక్కు తీసేస్తే ఖాళీ కనిష్ఠ మార్కుగా లెక్కకు వస్తుంది. అడిగే యంత్రంలో తప్పు లేదు. జవాబు చెప్పవలసిన మనిషి ఆ పేజీ తెరవకుండా నకలు తీయడంలోనే ఉంది తప్పు.

మరి నకలు తీయవలసిన అగత్యం ఎందుకు వచ్చింది? ఇక్కడ మన దేశపు చరిత్ర కలుస్తుంది. 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలుకు వచ్చింది. పిల్లల అవగాహనను నిరంతరంగా, సమగ్రంగా మూల్యాంకనం చేయాలని దాని 29వ సెక్షను చెబుతుంది. ఉద్దేశం ఉదాత్తమైనది. ఏడాది చివర మూడు గంటల పరీక్షతో పిల్లవాడి తలరాత రాయవద్దన్నారు. భాగస్వామ్యం చూడండి, రాతపని చూడండి, ప్రాజెక్టు చూడండి, ఆ పైన లఘుపరీక్ష పెట్టండి అన్నారు. మా బడిలో నలభై మంది ఉన్న ఒక్క సెక్షనుకు, ఆరు సబ్జెక్టులకు, పద్దెనిమిది వరుసలకు లెక్క కట్టండి. ఏడాదికి 4,320 మార్కులు. మా నాన్నగారి కాలంలో మూడు పరీక్షలకు ఇదే సెక్షనులో 720 ఉండేవి. యంత్రం కూడికల శ్రమను తీసేసింది. మిగిలిన శ్రమలోకి కొత్త వరుసలు వచ్చి కూర్చున్నాయి. పిల్లవాణ్ణి దగ్గరగా చూడమని పుట్టిన నిబంధన, పిల్లవాడికేసి చూడకుండా గళ్ళు నింపే పనిగా మారింది. ఆ గళ్ళను నింపే తొందరలోనే నా నకలు పుట్టింది.

ఆ తల్లిని కూర్చోబెట్టి ఇదంతా చెప్పలేదు. "తప్పు నాదమ్మా, సాయంత్రానికి సరిచేసిన కార్డు ఇస్తాను" అన్నాను. ఆ రోజు 90 పుస్తకాలూ తెరిచి చూస్తే అలాంటి కార్డులు ఇంకా పదకొండు బయటపడ్డాయి. ఆ పదకొండుమందిలో ఒక్క తండ్రి గానీ తల్లి గానీ అడగడానికి రాలేదు. అచ్చయిన అంకెను వారు నమ్మారు. ఒక పిల్లవాడైతే, తనకు లెక్కలు రావని ఇంట్లో తిట్లు తిన్నానని చెప్పాడు. అతని గడి నిండకపోవడానికి కారణం వాళ్ళ తాతగారి పెద్దకర్మ.

నకలు తీయడం నేను మానలేదు. మానితే మూడు రోజులు మళ్ళీ వృథా, పైగా చేతితో నింపినా తప్పులు దొర్లక మానవు. అయితే పనిని మూడు కుప్పలు చేశాను. వరుసల పేర్లు, గరిష్ఠ మార్కులు ఏటా మారవు, వాటిని కళ్ళు మూసుకొని నకలు తీయవచ్చు. తేదీలు క్యాలెండరును బట్టి జరుగుతాయి, వాటిని యంత్రమే జరుపుతుంది. మూడవ కుప్పలో నాలుగే ప్రశ్నలు. ఖాళీకి అర్థమేమిటి, ఏ అంశానికి ఎంత వాటా, అరమార్కును ఎటు సర్దాలి, ఆలస్యంగా ఇచ్చిన పనిని ఏం చేయాలి. ఈ నాలుగు ఏటా ఖాళీగా మొదలవ్వాలి. జూన్‌లో ఉపాధ్యాయులందరం గంటసేపు కూర్చుని, వాదులాడుకొని, ఒక తెల్లకాగితం మీద జవాబులు రాసి, కింద సంతకాలు పెడతాం. ఆ తరువాతే నేను టిక్కులు పెడతాను. ఖాళీ గడి మీద 'గై' అని అచ్చయ్యేలా కార్డును కూడా మార్పించాము.

ఆ మొదటి సమావేశంలో ఇంగ్లీషు మాస్టారు తన సున్నను వదులుకోవడానికి ఒప్పుకోలేదు. "ఎగ్గొట్టినవాడికి సున్న పడాల్సిందే" అన్నారు. "వేయండి, కానీ మీ చేత్తో టైపు చేయండి" అన్నాం. కాసేపు ఆలోచించి సంతకం పెట్టారు. ఆ ఏడు ఆయన వేసిన సున్నలు మూడే మూడు. ఆ ముగ్గురూ ఎవరో, ఎందుకో, అడిగినవారికల్లా ఆయన చెప్పగలిగేవారు.